రిపోర్టులో 2 ప్లస్ అని ఉంటే

ఎడిటర్ గారికి,

రొమ్ము క్యాన్సర్ ఏ మందుకు లొంగుతుందో ఆపరేషన్‌కు ముందే కంప్యూటర్లు చెప్పేస్తాయట, మీ పేపర్లో చదివాను. రానివ్వండి, మంచిదే. మా వదినకు కావాల్సిన పరీక్ష మాత్రం ఎప్పట్నుంచో ఉన్నదే, దాని పేరు కూడా మాకెవరూ చెప్పలేదు.

వదినకు మూడు సెంటీమీటర్ల గడ్డ, చంకలో ఇంకోటి. సూదితో ముక్క తీసి పంపితే హెర్2 దగ్గర, అంటే క్యాన్సర్ కణాలను పెంచే ఒక ప్రోటీన్ దగ్గర, 2 ప్లస్ అని వచ్చింది. 0, 1 అయితే నెగెటివ్, 3 అయితే పాజిటివ్, 2 అంటే ఇంకా తేలలేదని, ఫిష్ అనే పరీక్ష చేయించి ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జీన్ కాపీలు నిజంగా పెరిగాయో లేదో చూడాలని రిపోర్టు అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంది. డాక్టరు గారు చదివారో లేదో, సోమవారం ఆపరేషన్ అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లూ గడ్డ తీయించేస్తే పీడా పోతుందన్నారు. విజయవాడలో ల్యాబ్‌లో పనిచేసే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో చూసి "ఫిష్ రాకుండా ఒప్పుకోకండి అక్కా" అన్నాడు. ఆ ముక్కను దాచిన మైనపు దిమ్మ, బ్లాక్ అంటారు, అది ఇవ్వమంటే ఆసుపత్రివాళ్లు పదకొండు రోజులు తిప్పారు. మాది మాకివ్వడానికి!

ఫిష్ పాజిటివ్ వచ్చింది. అప్పుడు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ముందు కీమో, దాంతోపాటు హెర్2 మీదే పనిచేసే ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ అనే మందులు మొదలుపెట్టారు. గడ్డ ఉండగానే ఇస్తే మందు పట్టిందో లేదో తెలుస్తుందమ్మా, తీసేశాక దేన్ని చూసి చెప్పను అన్నారావిడ. నియోస్ఫియర్ అనే పరిశోధనలో ఈ రెండూ కీమోతో కలిపి ఇస్తే నూటికి 46 మందికి రొమ్ములో క్యాన్సర్ మిగల్లేదట, ట్రాస్టుజుమాబ్ ఒక్కటే కలిపితే 29 మందికే. హార్మోన్ రిసెప్టార్లు, అంటే గడ్డ కణాల్లో ఆడ హార్మోన్లను పట్టుకునేవి, నెగెటివ్ అయినవాళ్లకు గడ్డ బాగా కరుగుతుంది, వదినకు అవి పాజిటివ్ కాబట్టి మరీ ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. అలాగే ఆపరేషన్లో కొంచెం మిగిలింది. మేం ఏడుస్తుంటే ఆవిడ మాత్రం మందు మార్చి టీ-డీఎం1 రాశారు, ట్రాస్టుజుమాబ్‌కే కీమో మందు తగిలించినది. ఇలా మిగిలినవాళ్లకు ఆ మందు ఇస్తే తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2018లో క్యాథరిన్ పరిశోధనలో తేలిందట. ఆ సోమవారం మేం ఊఁ అని ఉంటే ఇదంతా తెలిసేదే కాదు.

గుంటూరు, విజయవాడ ల్యాబులవాళ్లకు నా మనవి ఒకటే. 2 ప్లస్ వస్తే ఆ కాగితం మీదే తెలుగులో పెద్దగా "ఫిష్ చేయించాలి" అని ముద్ర వేయండి, బ్లాక్ అడిగిన రోజే ఇవ్వండి. రబ్బరు స్టాంపు ఖర్చే అడ్డమైతే చెప్పండి, అరండల్‌పేటలో నేనే చేయించి పంపిస్తాను.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు