సంఖ్యా విశ్లేషణకు పాఠ్యపుస్తకం ఎంచుకునే ముందు

గౌరవనీయులైన సంపాదకులకు,

గణిత సమస్యలకు అంకెల్లో దాదాపు సరైన జవాబులు రాబట్టే పద్ధతుల శాస్త్రమైన సంఖ్యా విశ్లేషణ, అంటే న్యూమరికల్ అనాలిసిస్, నేర్చుకోవడానికి ఏ పుస్తకం మంచిదని అడిగే విద్యార్థికి సాధారణంగా సాధించిన లెక్కలు ఎక్కువగా ఉన్న పుస్తకాన్నే చూపిస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. కానీ ఈ శాస్త్రం అసలు దేని గురించో అటువంటి పుస్తకం చెప్పదని, ఏళ్ల తరబడి దీన్ని బోధిస్తున్న అధ్యాపకుడిగా నా అభిప్రాయం.

నేను చదువుకున్నది కూడా సూత్రాలూ, వరుస విలువల మధ్య తేడాలను రాసుకునే భేద పట్టికలూ నిండిన పుస్తకమే. చేత్తో లెక్కలు కట్టే రోజుల్లో ఆ పట్టికల అవసరం ఎంతో ఉండేది. కంప్యూటరు మీద లెక్క చేసేవారికి అంతకంటే ముందు తెలియవలసింది దోషం (అసలు జవాబుకూ, లెక్కలో వచ్చినదానికీ మధ్య తేడా) ఎక్కడ పుడుతుంది, ఎలా పెరుగుతుంది అన్నది. ఎక్స్ వర్గం నుంచి లక్ష ఎక్స్‌లు తీసివేసి, ఒకటి కలిపితే సున్నా అయ్యే వర్గ సమీకరణాన్ని తీసుకోండి. 8 అంకెలు మాత్రమే నిలుపుకునే యంత్రంలో, బడిలో నేర్చుకున్న సూత్రంతో దీన్ని సాధిస్తే చిన్న మూలం సున్నా అని వస్తుంది. నిజానికి అది దాదాపు 0.00001. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను ఒకదానిలోంచి మరొకటి తీసివేయడంతో పనికొచ్చే అంకెలన్నీ పోయాయి. రెండు మూలాల లబ్ధం ఒకటే కనుక, ఒకటిని పెద్ద మూలంతో భాగిస్తే అదే యంత్రం సరైన జవాబు ఇస్తుంది. ఇటువంటి చర్చ మొదటి అధ్యాయంలోనే ఉందా లేదా అన్నదే పుస్తకానికి నేను పెట్టే పరీక్ష.

బర్డెన్, ఫెయిర్స్ రాసిన ‘న్యూమరికల్ అనాలిసిస్’ ఈ పరీక్షలో నెగ్గుతుంది. 1978లో మొదట వెలువడిన ఆ గ్రంథానికి కలనగణితం వస్తే చాలు. ప్రతి పద్ధతినీ ప్రోగ్రాముగా మార్చుకోగలిగేలా అంచెలంచెలుగా రాశారు. సొంతంగా చదువుకునేవారు దానితోనే మొదలుపెట్టాలని నా సలహా. సిద్ధాంతాలను నిరూపణలతో సహా కోరుకునేవారికి 2003లో వచ్చిన సూలి, మేయర్స్ పుస్తకం బాగా నప్పుతుంది.

మాత్రికల లెక్కల దగ్గరకు వచ్చేసరికి 1997 నాటి ట్రెఫెథెన్, బౌల ‘న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రా’ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. నలభై చిన్న ఉపన్యాసాలుగా సాగే ఆ పుస్తకంలో, అందరూ మొదట చెప్పే గాసియన్ ఎలిమినేషన్ (సమీకరణాల నుంచి చలరాశులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ సాధించే పద్ధతి) ఇరవయ్యో ఉపన్యాసం దాకా రాదు. సమస్యే సున్నితమైనది (ఇచ్చిన విలువలు కాస్త మారితే జవాబు బాగా మారేది) కావడం వేరు, పద్ధతి అస్థిరమైనది (లెక్కలోని చిన్న దోషాలను పెంచేది) కావడం వేరు అన్న భేదాన్ని అది ముందుగానే మనసులో నాటుతుంది. ఒకటి నుంచి ఇరవై వరకు పూర్ణాంకాలే మూలాలుగా గల విల్కిన్సన్ బహుపదిలో రెండో గుణకమైన −210ని కోటిలో ఒక వంతుకు కాస్త ఎక్కువగా తగ్గిస్తే పది మూలాలు సంకీర్ణ సంఖ్యలైపోతాయి. ఆ తప్పు పద్ధతిది కాదు, ప్రశ్న స్వభావమే అటువంటిది. ఈ భేదం తెలియనివారు మంచి ప్రోగ్రామును అనవసరంగా అనుమానిస్తారు, లేదా చెడ్డదాన్ని నమ్ముతారు. అయితే అంతర్వేశనం (తెలిసిన విలువల మధ్య ఉండే విలువను అంచనా వేయడం), సమాకలనం, అవకలన సమీకరణాలు ఆ పుస్తకం పరిధిలోకి రావు కనుక అదొక్కటే సరిపోదు. దోషాల మీద హైయమ్ రాసిన గ్రంథం విలువైనదే గాని, అది వరసగా చదివేది కాదు, అవసరమైనప్పుడు తెరిచి చూసుకునేది.

ఏ పుస్తకమైనా కాగితం మీద చదివి వదిలేస్తే ప్రయోజనం తక్కువ. పైన చెప్పిన వర్గ సమీకరణాన్ని స్వయంగా ప్రోగ్రాము రాసి, గుణకాలు మార్చి చూసిన విద్యార్థికి దోషం గురించి మళ్లీ చెప్పవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు.

పత్రికల విద్యా పేజీలలో పుస్తకాల జాబితాలు ఇచ్చేటప్పుడు, ప్రతి పుస్తకం పేరు పక్కన దాన్ని చదవడానికి ముందుగా ఏ గణితం వచ్చి ఉండాలో ఒక్క వాక్యంలో తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు