బడి కంప్యూటర్లను తుక్కుకు పంపకండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మా హైస్కూల్ ల్యాబ్ ఇంకా దాని మీదే నడుస్తోంది. ప్రాసెసర్లు ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి కాబట్టి విండోస్ 11 వాటిని ఒప్పుకోదు. అలాగని అవి పాడైపోలేదు సార్.

వాటిలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. కేరళ సర్కారు బళ్లలో పిల్లలు ఏళ్ల తరబడి అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ కైట్, ఉబుంటు అనే లినక్స్ రకం ఆధారంగా తయారుచేసిన సిస్టమ్ మీదే నేర్చుకుంటున్నారు. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ అనే మరో రకం పెట్టి మా ల్యాబ్‌లో ఒక సిస్టమ్ ఆన్ చేశాను. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచింది, ప్రొజెక్టర్‌ను వెంటనే పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్లలు జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ తెరిచి త్రిభుజానికి పరివృత్తం గీశారు.

అసలు చిక్కు తెలుగు ఫైళ్లతో. పాత ప్రశ్నపత్రాలు, సర్క్యులర్లు చాలావరకు ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. లినక్స్‌కు మారినా మారకపోయినా ఈ బెడద తీరాల్సిందే. వాటిని ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్ పద్ధతిలోకి మార్పించండి. మండలి, రామభద్ర వంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. టీచర్లకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరికతో తెలుగు టైపింగ్ కూడా నేర్పించాలి, అది ఒక్కరోజు శిక్షణతో అయ్యే పని కాదు.

వచ్చే వేసవి సెలవుల్లో మండలానికి ఒక బడిలోనైనా మొదలుపెట్టండి. ఇబ్బంది వస్తే పిలవడానికి జిల్లాకొక టెక్నీషియన్‌ను ఇవ్వండి. ఆ ఫలితం చూశాకే కొత్త కంప్యూటర్ల టెండర్ సంగతి ఆలోచించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు