'మంచు గ్యారంటీ' ఎవరిస్తున్నట్టు?

సంపాదకుల వారికి,

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా కశ్మీర్ స్కీయింగ్ ప్యాకేజీలే. కింద 'మంచు గ్యారంటీ' అని ఒక ముక్క. అది నమ్మి 2024 జనవరిలో పిల్లలతో గుల్మర్గ్ వెళ్లాం. తెల్లగా ఉండాల్సిన వాలంతా ఎండుగడ్డి. మంచు మీద లాగే స్లెడ్జ్ బండ్ల వాళ్లు బేరాల్లేక ఎండ కాగుతున్నారు. మావాడి మొహం చూసి జాలిపడి ఒకాయన గడ్డి మీదే నాలుగు గజాలు లాగాడు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. తిరిగొచ్చి ఏజెంటుని అడిగితే, "మంచు మా చేతుల్లో ఉందా సార్?" అన్నాడు. లేదు నిజమే, మరి గ్యారంటీ ఎందుకు రాసినట్టు?

ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల చిల్లై కలాన్ అంటే కశ్మీర్‌లో ముదురు చలికాలం. ఆ ఏడాది అందులో చాలా రోజులు పొడిగానే గడిచాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకొచ్చి మంచు కురిపించే పశ్చిమ అలజడులనే వాతావరణ వ్యవస్థలు సమయానికి రాలేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక మార్చికి వెళ్లాయి. మంచు సెలవుల క్యాలెండర్ చూసి రాదు కదా!

యంత్రాలతో మంచు చేసుకోవచ్చంటారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా ఆ మంచు మీదే నడిచాయి. ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం యంత్రాలు పెట్టారు. అయినా 2023లో అక్కడి జాతీయ పోటీలు మంచు లేకే ఆగిపోయాయి. యంత్రానికి గడ్డకట్టే చలీ కావాలి, బోలెడు నీళ్లూ కావాలి. గుల్మర్గ్ నుంచి వచ్చిన రెండు నెలలకే బోర్లెండి ట్యాంకర్ల కోసం కాచుకున్న బెంగళూరు వాళ్లకు నీళ్ల విలువ వేరే చెప్పాలా? యూరప్‌లో 2,234 స్కీయింగ్ కేంద్రాలను లెక్కగట్టిన 2023 నాటి అధ్యయనం, భూతాపం 2 డిగ్రీలు పెరిగితే, కృత్రిమ మంచు లేకుండా వాటిలో 53 శాతానికి తీవ్రమైన మంచు కొరత తప్పదంది.

నేను అడిగేది చిన్నదే. ప్యాకేజీ కాగితం మీద గత మూడేళ్లలో అదే వారం మంచు పడిందో లేదో రాయాలి. మంచు లేకపోతే తేదీ మార్చుకునే వీలుండాలి. ఇక్కడ ప్యాకేజీలు అమ్మేవాళ్లకి కర్ణాటక పర్యాటక శాఖ ఈ నియమం పెడితే చాలు. జనం ఫిబ్రవరి, మార్చిలకు సర్దుకుంటే, ఆ స్లెడ్జ్ ఆయనకూ మంచు ఉన్న రోజునే బేరం తగులుతుంది.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు