మూసలో పోసిన వార్తలు: సమాచార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

గోదావరి డెల్టాలో జిల్లా పేజీల డెస్క్‌లో చాలాకాలం పనిచేసి, ప్రస్తుతం పాలకొల్లులో విశ్రాంతిగా ఉంటున్న పాత్రికేయుణ్ణి. మనుషుల గురించీ, కులాల గురించీ, ఊళ్ల గురించీ ముందే స్థిరపడిపోయిన మూస అభిప్రాయాలు మా ప్రాంతపు వార్తల్లోకి ఏ దారిన వచ్చి చేరుతున్నాయో, వాటిని అడ్డుకోవడంలో పాత్రికేయుల వంతు ఎంతో, మీ శాఖ వంతు ఎంతో విన్నవించడానికి ఈ లేఖ రాస్తున్నాను. వార్తలపై ప్రభుత్వ పెత్తనం పెంచమని మాత్రం కోరడం లేదు. తప్పుడు వార్తలపై కేసులు పెట్టించే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు అప్పగిస్తూ 2019 అక్టోబరులో వెలువడిన 2430 నంబరు జీవోను పాత్రికేయ సంఘాలు ఎందుకు వ్యతిరేకించాయో మీకు తెలియనిది కాదు. నాదీ ఆ పక్షమే. నేను అడగబోయేవన్నీ ప్రభుత్వం తన నోట తాను చెప్పే మాటలకూ, తాను ఇప్పించే శిక్షణకూ సంబంధించినవి.

మండల విలేకరుల్లో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే లైన్ అకౌంటే వారి రాబడి, అదీ ఇచ్చే సంస్థల్లోనే. పండగలు వచ్చాయంటే ప్రకటనల టార్గెట్ నెత్తిన కూర్చుంటుంది. అలాంటి విలేకరి ఫోనులోకి సాయంత్రం పూట పోలీసు ప్రెస్ నోట్ వచ్చి పడుతుంది. దాంతోపాటు ఒక ఫొటో: బల్ల మీద వరసగా పేర్చిన సెల్‌ఫోన్లు, బంగారు గొలుసులు, బల్ల వెనక కుర్చీల్లో అధికారులు, వారి వెనక నల్ల ముసుగులతో నిలబెట్టిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. నోట్‌లో మొదటి వాక్యం ఏమిటో చూడకుండానే చెప్పగలను: "జల్సాలకు అలవాటుపడి దొంగతనాలకు పాల్పడుతున్న" అని ఉంటుంది. ఆ కుర్రాడు చేసింది జల్సాయేనా, చెరువు కాపలా పని పోయి ఇంట్లో అప్పు పెరిగిందా అన్నది ఎవరూ అడగరు. దొంగతనాన్ని సమర్థించడానికి నేను ఈ మాట అనడం లేదు. కారణం తెలియనప్పుడు రాయకుండా ఊరుకోవాలి గాని, ఊళ్లన్నిటికీ ఒకే కారణం అంటగట్టకూడదు.

అరెస్టయినవారిని మీడియా ముందు ప్రదర్శించవద్దని కేంద్ర హోం శాఖ 2010 ఏప్రిల్‌లోనే రాష్ట్రాలకు సూచించింది. పోలీసులు పత్రికలకు సమాచారం ఇచ్చే పద్ధతిపై సమగ్ర మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అదే శాఖను ఆదేశించింది. ముసుగు వేశాం కదా, ముఖం కనబడదు కదా అని పోలీసులు అంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పేట అన్నీ కింద అచ్చయ్యాక ముసుగు దాచేదేమిటో నాకు అర్థం కాలేదు.

ఇక సంచార జాతుల విషయం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేస్తూ చేసిన చట్టం 1952లో రద్దయింది. అయినా ఊరి చివర గుడారాలు కనబడితే "అనుమానాస్పదంగా సంచరిస్తున్న" అనే మాట విలేకరి చేతికి దానంతటదే వస్తుంది. 2018లో పార్థీ ముఠాలు దిగాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు చెలరేగినప్పుడు దెబ్బలు తిన్నది భిక్షాటన చేసుకునేవారు, హిజ్రాలు, భాష తెలియని బాటసారులు. పార్థీ అనేది ఒక గిరిజన తెగ పేరు. ఒక తెగ పేరునే ముఠా పేరుగా వాడుతుంటే డెస్కుల్లో దానికి అడ్డుపడినవారు తక్కువ.

మా డెల్టా మీద కూడా ఒక ముద్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇది అన్నపూర్ణ. కొబ్బరితోటలు, పులసచేప, సంక్రాంతి బరులు, వెటకారం, మర్యాద: బయటి నుంచి వచ్చే కెమెరాకు ఇంతే కావాలి. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది గాని, ఆ ముద్ర వల్ల ఇక్కడి కష్టం వార్తగా కనబడదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటిస్తే పచ్చటి సీమలో ఇదేమి చోద్యమని ఆశ్చర్యపోయినవారే ఎక్కువ. పూడిపోయిన మురుగు కాలువలు, గిట్టుబాటు కాని ధర, కూలి ఖర్చు అంతకుముందే ఎన్నేళ్లుగానో ఉన్నా అవి పతాక శీర్షికలు కాలేదు. పంట నష్టం ఫొటోలో గట్టు మీద నిలబడి మాట్లాడేది తరచుగా భూమి యజమాని. చేలో మోకాలిలోతు నీళ్లలో ఉన్నది కౌలుదారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుపత్రం కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం దొరకనివారికి పరిహారం జాబితాలోనూ, వార్తలోనూ చోటు దొరకడం లేదు.

గోదావరి పాయల మధ్య ఉండే లంకల గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. వరద వచ్చిన ప్రతిసారీ అధికారుల నోట్ ఆధారంగా ఒక వార్త తప్పదు: ఎంత నచ్చజెప్పినా లంకవాసులు ఇళ్లు ఖాళీ చేయడానికి ససేమిరా అంటున్నారని. చదివినవారికి లంక జనం మూర్ఖులనీ, మొండివాళ్లనీ అనిపించక మానదు. మా విలేకరి ఒకాయన ఒకసారి నోట్ పక్కన పెట్టి పడవెక్కి వెళ్లాడు. ఆయన వెళ్లిన మొదటి ఇంట్లో రెండు గేదెలున్నాయి, ఒకటి పాలిస్తోంది. ఆ పాలడబ్బుతోనే ఇంటికి బియ్యం, డ్వాక్రా వాయిదా. వచ్చే పడవలో మనుషులకే చోటు. బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో అన్నం, సాంబారు ఉన్నాయి గాని పశువులకు గడ్డిపరక లేదు, కట్టెయ్యడానికి చోటు లేదు. గేదెలను వదిలి వస్తే నీళ్లు దిగాక తాము ఏం తినాలని ఆ ఇంటావిడ అడిగిందట. విలేకరి అదే రాశాడు. ఏటిగట్టు మీదికి ఎండుగడ్డి ట్రాక్టర్లు చేరాక చాలా ఇళ్లవాళ్లు దిగి వచ్చారు. ఒక్క ప్రశ్న అదనంగా అడిగినందుకు మొండివాళ్లన్నవారు లెక్క తెలిసిన మనుషులుగా కనబడ్డారు. ఆయనకు ఆ రోజు పడవ ఖర్చులు ఎవరూ ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ, నరసాపురం వైపు ఆడవారి గురించి రెండే రకాల వార్తలు వస్తాయి. ఏజెంటు చేతిలో మోసపోతే అభాగ్యురాలు, ఇంటి దగ్గర ఏ గొడవ జరిగినా దానికి మూలకారణం. కువైట్ నుంచి డబ్బు పంపి స్లాబు వేయించిన, పిల్లను నర్సింగ్ చదివించిన మనిషి ఎప్పుడూ వార్త కాదు. ఒక హత్య వార్తలో హతుడి తల్లి గల్ఫ్‌లో ఉందన్న సంగతి, కేసుతో ఏ సంబంధమూ లేకపోయినా, రెండో వాక్యంలోనే రావడం నేను చూశాను. తండ్రి దుబాయ్‌లో ఉంటే అలా రాసేవారా?

కులం విషయంలో జాగ్రత్త రెండు వైపులా కావాలి. నేరంతో సంబంధం లేనప్పుడు నిందితుడి కులాన్ని గాని, బాధితుడి కులాన్ని గాని ప్రస్తావించవద్దని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. మందలించడం తప్ప ఆ కౌన్సిల్‌కు శిక్షించే అధికారం లేదు కాబట్టి ఆ నియమం ఎక్కువగా పుస్తకంలోనే ఉండిపోయింది. అలాగని కులమే నేరానికి కారణమైన చోట దాన్ని దాచిపెట్టి "ఇరువర్గాల ఘర్షణ" అని రాయడం అంతకన్నా పెద్ద తప్పు. దళితులను చంపిన కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల్లో చంపినవారెవరో, చనిపోయినవారెవరో చెప్పకపోతే వార్తే లేదు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై ఆందోళన హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. నిప్పు పెట్టినవారెవరో తేల్చడం దర్యాప్తు పని. కాని ఆ తర్వాత ఏ కులం ఎటువైపో పటం గీసినట్టు చెప్పిన కథనాలు, ఆ రోజు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్న వేలమందిని కూడా ఏదో ఒక గుంపులో చేర్చేశాయి.

పాత్రికేయులు చేయగలిగింది చాలానే ఉంది, దానికి మీ అనుమతి అక్కర్లేదు. నోట్‌లోని విశేషణాలు కొట్టేసి జరిగింది మాత్రమే ఉంచడం. అధికారి కాని మరొక మనిషితో మాట్లాడకుండా వార్త పంపకపోవడం. మరో కులంవారైతే, మగవారైతే ఇదే వాక్యం రాస్తామా అని డెస్క్‌లో ఒకరైనా అడగడం. అన్నిటికన్నా ముఖ్యం విలేకరి ఫోనులో ఎవరి నంబర్లున్నాయన్నది. ఎస్సై, తహసీల్దారు, పార్టీ నాయకులతోపాటు ఒక కౌలు రైతు, ఒక రొయ్యల షెడ్డు కార్మికురాలు, ఒక వేట పడవ సరంగు నంబర్లు ఉంటే వార్త తీరే మారుతుంది. డెస్కుల్లో ఆడవారు, దళితులు, మత్స్యకార కుటుంబాలవారు పెరిగితే సగం మూసలు అచ్చుదాకా రావు. ఇది యాజమాన్యాలు తేల్చాల్సిన మాట, వారికీ వేరుగా రాస్తున్నాను.

మిమ్మల్ని కోరేవి ఇవి. పాత్రికేయుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ అకాడమీ శిక్షణ తరగతులను అమలాపురం, భీమవరం, నరసాపురం వంటి ఊళ్లలో, మండల విలేకరులకు ఆ రోజు కూలి పోకుండా భత్యం ఇచ్చి నడపండి; పాఠాలు చెప్పడానికి సంపాదకులతోపాటు లంకవాసులను, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారిని కూడా పిలవండి. మీ శాఖ జిల్లా కార్యాలయాలు ఇచ్చే వరద ప్రకటనల్లో క్యూసెక్కులతోపాటు పశువులకు ఎన్ని పడవలు, ఎంత మేత, ఏ గట్టు మీద అన్నది తప్పనిసరి చేయండి. రాష్ట్ర హోం శాఖతో మాట్లాడి పోలీసు ప్రెస్ నోట్‌కు ఒక నమూనా ఇప్పించండి: సెక్షను, తేదీ, స్వాధీనమైన సొత్తు చాలు; కులం, నడత గురించిన విశేషణాలు, ముసుగుల ఫొటో అక్కర్లేదు. అరెస్టు వార్త అందరికీ చేరుతోంది గాని కేసు వీగిపోయిన వార్త ఎవరికీ చేరడం లేదు. కాబట్టి ఏ వాట్సాప్ గ్రూపులో అరెస్టు నోట్ పెట్టారో, కోర్టు నిర్దోషి అని తేల్చిన రోజున అదే గ్రూపులో, మొదటి నోట్‌లో పేరు, ఊరు ఇచ్చి ఉంటే అదే పేరుతో, అదే ఊరితో రెండో నోట్ కూడా పెట్టాలని ఆ నమూనాలోనే రాయించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పాత్రికేయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.