హెచ్ వేయడం వస్తే బండి నడపడం వచ్చినట్టేనా?

సంపాదకుడు గారికి,

డ్రైవింగ్ టెస్టుకు స్లాట్లు పెంచాలని చాలామంది అడుగుతున్నారు. పెంచాల్సిందే. అయితే దొరికిన ఆ కాసేపట్లో అభ్యర్థి దగ్గర ఏం చూస్తున్నారన్నది అంతకన్నా పెద్ద విషయం.

ముందు రోజుల లెక్క చూద్దాం. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చి 30 రోజులు నిండితేగానీ టెస్టుకు రానివ్వరు. దాని గడువు 6 నెలలు. టెస్టు తప్పితే 7 రోజులు ఆగి మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి. చట్టంలో చదివితే ఇదంతా 6 నెలల్లో హాయిగా సరిపోతుంది. స్లాటు కోసం ప్రతిసారీ 3 వారాలు ఆగాల్సివస్తే మాత్రం మొదటి టెస్టు 51వ రోజున, రెండోది 72న, మూడోది 93న పడతాయి. ఆపైన 60 రోజులు, మళ్లీ స్లాటు కోసం 3 వారాలు. నాలుగోసారి ట్రాక్ మీదికి వచ్చేది 174వ రోజున. ఆ రోజు సర్వర్ మొరాయించినా, వానకు ట్రాక్ మూసేసినా ఎల్‌ఎల్‌ఆర్ చెల్లకుండా పోయినట్టే. కాబట్టి రోజువారీ స్లాట్లలో కొన్నింటిని రెండోసారి, మూడోసారి వచ్చేవాళ్లకూ, గడువు దగ్గరపడినవాళ్లకూ విడిగా పెట్టాలి. ఎవరైనా రద్దు చేసుకున్న స్లాటు ఆ నిమిషమే అందరికీ కనబడాలి.

దరఖాస్తు చేసేవాళ్లు కూడా ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఫారంలో సొంత ఫోన్ నంబరే ఇవ్వాలి. ఏజెంటు నంబరు పడితే ఓటీపీ, స్లాటు తేదీ, తేదీ మారిందన్న కబురు అన్నీ అతనికే వెళతాయి. టెస్టు ఎప్పుడో అభ్యర్థికి తెలియదు, రాలేదని మాత్రం రాసుకుంటారు.

ఇక టెస్టు సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం చదివితే అందులో ఉన్నది అసలైన పరీక్ష. అద్దం సరిచేసుకోవడం, టాప్ గేరు దాకా వెళ్లి అవసరాన్ని బట్టి త్వరగా గేర్లు తగ్గించడం, బాగా ఏటవాలుగా ఉన్న ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదలడం, సిగ్నల్ ఇచ్చేముందు అద్దం చూడటం, ఓవర్‌టేక్ చేయడం, చేయనివ్వడం అన్నీ అందులో ఉన్నాయి. జరుగుతున్నది చాలాచోట్ల బైకుకు ఎనిమిది, కారుకు హెచ్, అంటే కడ్డీల మధ్య ఆ అంకె, ఆ అక్షరం ఆకారంలో బండి తిప్పి చూపించడం. ట్రాక్ మీద టాప్ గేరు వేసే చోటే ఉండదు. ఎదురుగా బండి రాదు, పక్కనుంచి మనిషి అడ్డం రాడు.

హెచ్ ఎలా నేర్పుతున్నారో దగ్గరగా చూస్తే విషయం అర్థమవుతుంది. వెనక అద్దం మూలలో ఫలానా కడ్డీ కనబడగానే స్టీరింగు పూర్తిగా తిప్పు, ఇంకో కడ్డీ కనబడగానే నిటారు చెయ్యి అని గుర్తులు బట్టీ పట్టిస్తారు. అవి ఆ స్కూలు కారుకూ, ఆ ట్రాక్‌కే పనికొస్తాయి. కారు పొడవు మారితే లెక్క తప్పుతుంది. ఇంటికెళ్లి సొంత కారును సందులో రివర్సు చేయాలంటే కడ్డీలుండవు.

ఎత్తు మీద కదలడం అలా కాదు. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కేదాకా మెల్లగా వదిలి, యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. చాలామంది హ్యాండ్ బ్రేకు ముందే దించేస్తారు, బండి వెనక్కి జారుతుంది. కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక బైకు అంటుకుని ఉంటుంది కదా, అక్కడ అవసరమయ్యే పని ఇది. దీన్ని ప్రతి కారు టెస్టులోనూ చూడాలి. ట్రాక్ అయ్యాక కనీసం 10 నిమిషాలు ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని రోడ్డు మీద నడిపించాలి. ఫెయిల్ అని ఒక్కమాట చెప్పి పంపేయకుండా ఏ అంశంలో తప్పాడో రాసివ్వాలి. అది తెలియకపోతే 7 రోజుల్లో ఏం దిద్దుకుంటాడు?

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు పాసైనవాళ్లకు ఆర్టీవో దగ్గర టెస్టు అక్కర్లేదని 2021 నుంచి నియమం ఉంది. కారుకు 29 గంటల కోర్సు, అందులో 21 గంటలు నడపడమే. మంచి ఏర్పాటే. కానీ నేర్పినవాళ్లే పాసు చేసేటప్పుడు, ఆ టెస్టుల వీడియోలను రవాణా శాఖ తరచూ తెప్పించుకుని చూడాలి.

ఇంకొకటి. 30 ఏళ్లలోపు వారికి సొంత బండ్ల లైసెన్స్ ఇప్పుడు 40 ఏళ్లు నిండేవరకు చెల్లుతుంది. 18 ఏళ్లకు తీసుకున్నవారిని 22 ఏళ్లపాటు ఎవరూ మళ్లీ పరీక్షించరు. బ్రిటన్‌లో కొత్త డ్రైవరుకు మొదటి 2 ఏళ్లలో 6 పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ రద్దవుతుంది, మళ్లీ లెర్నర్‌గా మొదలుపెట్టి థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాలి. మనకూ మొదటి రెండేళ్లను అలా విడిగా చూసే నియమం కావాలి. ఆ రెండేళ్లలో సెల్‌ఫోన్ పట్టుకుని నడిపినా, తాగి నడిపినా, సిగ్నల్ దాటినా జరిమానా కట్టించుకుని వదిలేయకుండా, రోడ్డు టెస్టుకు మళ్లీ పిలవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు