గుడ్లను కాపాడుతున్నాం, తల్లులను ముంచేస్తున్నాం: మత్స్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారకముందే తీరం వెంట నడిచి, ఆలివ్ రిడ్లే తాబేళ్లు పెట్టిన గుడ్లు ఏరి హేచరీకి చేర్చే వాలంటీర్లలో నేనూ ఒకణ్ణి. అటవీ శాఖ వాళ్లు, మత్స్యకార కుటుంబాల పిల్లలు, కాలేజీ విద్యార్థులు కలిసి చేసే పని ఇది. ఈ పని మీద నాకు ఎంతో ఇష్టం ఉంది. అయినా ఇది సగం పనేనని, మిగతా సగం మీ శాఖ చేతుల్లో ఉందని చెప్పడానికే ఈ లేఖ.

పోయిన సీజన్‌లో ఒక ఉదయం ఒక తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంది. మెడ చాచి ఉంది, కళ్లు ఉబ్బాయి, డిప్ప మీద చిన్న గీత కూడా లేదు. రాత్రే కుక్కలు పొట్ట పక్కన చీల్చినట్టున్నాయి, ఇంకా పెంకు సరిగా కట్టని గుడ్లు ఇసుకలోకి జారి ఉన్నాయి. వాటిని హేచరీలో పెట్టినా పిల్లలు కావు. అదే ఉదయం అక్కడికి కొంచెం దూరంలో మరో తాబేలు పెట్టి వెళ్లిన గుడ్లను, పైది కిందకి తిరగకుండా ఒక్కొక్కటే తీసి బుట్టలో పెట్టుకున్నాం. ఒకచోట ఇంత జాగ్రత్త, పది అడుగుల అవతల ఆ శవం. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఈ తాబేలు గుడ్లు పెట్టడం మీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారో లేదో నాకు తెలియదు. నలభై కిలోల దాకా బరువుండే ప్రాణి, నీళ్లలో ఎంత తేలికో ఇసుక మీద అంత భారంగా ఈడ్చుకుంటూ వస్తుంది. వెనక కాళ్లతో, ఒకదాని తర్వాత ఒకటి, గరిటెతో తోడినట్టు ఇసుక తోడి అడుగున్నర లోతు గొయ్యి తీస్తుంది. వంద, నూట ఇరవై గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబా కొట్టి ఇసుక గట్టిపరుస్తుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి, అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే దారి. ఆ తర్వాత తిరిగి కూడా చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వాటిలో పెరిగి పెద్దయ్యేది వెయ్యికి ఒకటి అంటారు. అలా బతికి, పన్నెండు పదిహేనేళ్లు పెరిగి, గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన తల్లి ఒక్కటి పోతే, ఎన్ని వందల పిల్లలను నీళ్లలోకి వదిలితే ఆ లోటు తీరుతుందో మీరే లెక్క వేయండి.

వాటిని చంపుతున్నది ట్రాల్ వల. తాబేలుకు చేపలా మొప్పలు ఉండవు, ఊపిరి కోసం పైకి రావాల్సిందే. మరబోటు ట్రాల్ వలను అడుగున గంటల తరబడి ఈడుస్తుంది. లోపల చిక్కిన తాబేలు గింజుకునే కొద్దీ ఒంట్లో ఉన్న ఆక్సిజన్ ఇంకా త్వరగా అయిపోతుంది. ఒంటి మీద గాయం లేకుండా ఒడ్డుకొచ్చే శవాల కథ చాలావరకు ఇదే. ఏ మత్స్యకారుడూ దాన్ని చంపాలని చంపడు. వలలో పడితే దండం పెట్టి వదిలేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కానీ వల పైకి వచ్చేసరికి చాలా సార్లు ఆలస్యమైపోతుంది.

ఇక్కడ ఒక మాట బోట్ల వాళ్లందరికీ తెలియాలి. కదలకుండా పడున్న తాబేలు చచ్చిందని అనుకోకూడదు. స్పృహ తప్పి ఉండొచ్చు. అప్పుడే నీళ్లలోకి తోసేస్తే నిజంగానే మునిగి చనిపోతుంది. వెనక భాగం ఎత్తుగా ఉండేలా డెక్ మీద ఉంచి, తడిగుడ్డ కప్పి, కొన్ని గంటలు ఆగితే కొన్ని తేరుకుంటాయి. ఈ సంగతి ప్రతి హార్బర్‌లో బోర్డు మీద రాయించడానికి మీకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక నా అసలు ఫిర్యాదు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ తాబేళ్లు తీరానికి దగ్గరగా చేరేది డిసెంబర్ నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి చావాల్సినవి చచ్చిపోయి ఉంటాయి. 2025 జనవరిలో కాకినాడ తీరంలోనూ చెన్నై తీరంలోనూ తాబేళ్ల శవాలు వరుసగా కొట్టుకొచ్చాయి. రెండు చోట్లా వేట జోరుగా సాగే రోజులవి. 1972 వన్యప్రాణి చట్టం ఈ తాబేలును పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. ఆ చట్టం ఇసుక మీద గుడ్లు దొంగిలించేవాడి దగ్గర పనిచేస్తోంది, నీళ్లలో మాత్రం పనిచేయడం లేదు.

తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదనే నియమం మన రాష్ట్రంలో ఉంది. అది తాబేలు కోసం కాదు, చిన్న పడవల మీద బతికేవాళ్ల కోసం పెట్టింది. కానీ తాబేళ్లు తిరిగేదీ ఎక్కువగా ఆ నీళ్లలోనే. ఆ గీత దాటి లోపలికొచ్చే ట్రాల్ బోటు అడుగునంతా ఊడ్చేసి పిల్ల చేపను కూడా పట్టుకుపోతుందని తెప్పల వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. తాబేలు గోడు, వాళ్ల గోడు ఒకటే. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ 8 కిలోమీటర్ల నియమం ఒక్కటి గట్టిగా అమలు చేయించండి. బోటు ఉన్న చోటు తెలిపే ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు కాబట్టి ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు.

టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) సంగతి మీకు తెలియనిది కాదు. వల మధ్యలో బిగించే ఇనుప కమ్మీల చట్రం అది. కమ్మీల సందుల్లోంచి రొయ్య, చేప వెనక సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా దీన్ని తయారు చేసింది. పట్టిన సరుకు ఆ దారిలోంచి పోతుందని బోటు యజమానుల భయం. అందుకే చట్రం బిగించి, దారిని తాడుతో కట్టేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఉచితంగా ఇవ్వండి, మీ అధికారులు బోటెక్కి వాళ్లతో కలిసి వేటకు వెళ్లి ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో వాళ్ల కళ్ల ముందే తూకం వేసి చూపించండి. టెడ్‌లు వాడటం లేదనే కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువుల రొయ్యకు ఆ నిషేధం లేదు కాబట్టి మన దగ్గర దీని మీద పెద్దగా టెన్షన్ పడలేదు. సముద్రంలో పట్టేవాడికి మాత్రం ఆ దెబ్బ తగిలింది.

ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు, ఉపాధి పోయిన కుటుంబాలకు సాయం చేస్తారు. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య తీరంలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన దగ్గర అంత పొడుగు నిషేధం నేను అడగడం లేదు. గుడ్లు ఎక్కువగా పెట్టే కొన్ని తీరాల ఎదుట, మూడు నెలలు, ట్రాల్ వలలకు మాత్రమే. ఏప్రిల్ నిషేధ కాలానికి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నట్టే, ఈ మూడు నెలలకూ నష్టపోయే బోట్ల కూలీలకు ఇవ్వండి. భారమంతా వాళ్ల మీదే మోపితే ఏ నియమమూ నిలబడదు.

తీరం వెంట రిసార్టుల లైట్లు ఉన్నాయి. పొదిగిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి కాబట్టి సముద్రం వదిలి రోడ్డు మీదికి పాకుతాయి. కోత ఆపడానికి పోసిన రాళ్ల గోడలు ఎక్కలేక తల్లులు వెనక్కి వెళ్లిపోతాయి. ఇవి మీ శాఖవి కావు, వేరే మంత్రులకు రాయాలి. వల మాత్రం మీదే.

డిసెంబర్ దాటితే ఈ ఏటికి ఏ ఉత్తర్వు ఇచ్చినా లాభం లేదు. ఒకే శవాన్ని రెండుసార్లు లెక్కించకుండా డిప్ప మీద పెయింట్ గుర్తు పెట్టి, తేదీ, చోటు, ఆడదో మగదో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మీ అధికారులు ఎవరు వచ్చినా ఆ పుస్తకం ఇస్తాను, ఏ చోట ఎక్కువగా కొట్టుకొస్తున్నాయో తీరం మీద నడిచి చూపిస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరతాం.

ఇట్లు,
తాబేళ్ల సంరక్షణ వాలంటీర్