పునీతుడి పేరులో పోయిన కులం, సమాధుల తోటలో పోలేదు

సంపాదకుల వారికి,

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధి) వాళ్లం ఇరవై మందిమి రాయగడ నుంచి కన్యాకుమారి జిల్లాకు యాత్ర వెళ్లొచ్చాం. పునీత (సెయింట్) దేవసహాయం, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి, వేదసాక్షి మరణం పొందిన కాట్టాడిమలై చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆరల్వాయ్‌మొళి దగ్గర రాళ్ల గుట్ట అది. విపరీతమైన గాలి. 1752 జనవరి 14న ఆయన్ని అక్కడే తుపాకులతో కాల్చారు. చిన్న రాయితో కొడితే గంటలా మోగే బండ ఒకటుంది. మా ఆడవాళ్లు వంతులేసుకుని కొట్టారు. నేనూ కొట్టాను, దాచడమెందుకు!

ఆయన 1712లో నట్టాలంలో పుట్టారు. అసలు పేరు నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగి. యుద్ధంలో పట్టుబడి ఆ రాజు దగ్గరే చేరిన డచ్చి సైన్యాధికారి డి లనాయ్ ద్వారా క్రీస్తు సంగతి తెలుసుకుని, 1745లో జ్ఞానస్నానం పొందారు. మతం మారడం ఒక్కటే కాదు, తక్కువ కులాలన్న వాళ్లతో కలిసిమెలిసి తిరగడం కూడా అప్పటి పెద్దలకు గిట్టలేదు. గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊళ్లూళ్లూ తిప్పారు.

2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. అప్పటికే రోమ్ ఆ పేరులోంచి ‘పిళ్ళై’ తీసేసింది. కులం పట్టింపు వదిలేసిన మనిషికి కులం తోక ఏమిటని కొందరు ఉత్తరాలు రాస్తే విన్నారు. మా బస్సులో గైడు మాత్రం దారిపొడుగునా ‘పిళ్ళై గారు, పిళ్ళై గారు’ అంటూనే ఉన్నాడు.

కోట్టార్ గుడిలో ఆయన సమాధి ముందు మోకరిస్తే నాకు మా వైపు సమాధుల తోట గుర్తొచ్చింది. మధ్యలో నడుమెత్తు గోడ, రెండు గేట్లు. ఏ గేటు ఎవరిదో చెప్పక్కర్లేదు. మా నాన్నను తీసుకెళ్లిన రోజు, గుంట తవ్వేవాడు పేరు కూడా అడగకుండా “ఏ వైపండీ?” అన్నాడు. పెద్దల్ని అడిగితే, పాత ఆచారం, కదిపితే గొడవలవుతాయంటారు.

మా జిల్లాను ఆనుకునే కంధమాల్ ఉంది. 2008లో అక్కడ క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న 35 మందిని వేదసాక్షులుగా గుర్తించే పరిశీలన మొదలుపెట్టడానికి 2023లో రోమ్ అనుమతి ఇచ్చింది. ఆ జిల్లా క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులే. రేపు వాళ్లు పునీతులైతే పటాలు కట్టించి దండలేస్తాం, సరే. వాళ్ల శవాలే మా తోటకు వచ్చి ఉంటే ఏ గేటు చూపించేవాళ్లం?

ఇలాంటి గోడలున్న ప్రతి విచారణకూ బిషప్పులు ఒక ఉత్తర్వు పంపితే చాలు, గొడవ భయం సగం తగ్గుతుంది. నవంబరు 2న సమాధుల పండక్కి ముందే మా గోడ తీయించమని నేను కమిటీకి రాసిచ్చాను. ఇంకా జవాబు లేదు. ఫాదర్ గారు మాత్రం కూలీ ఎంతవుతుందో కనుక్కోమన్నారు.

– ఒక యాత్రికుడు, రాయగడ, ఒడిశా